కణత్వచం: కొల్లేటి చెరువుల్లో ఉప్పు, విద్యుత్తు, సంకేతం

ప్రతి జీవకణాన్నీ చుట్టి ఉండే కొవ్వు, ప్రోటీన్ల పలుచని పొర కణత్వచం. దీని మందం సుమారు 5 నానోమీటర్లు. ఇలాంటి పొరలు 2 లక్షలు ఒకదాని మీద ఒకటి పేర్చితే గాని ఒక మిల్లీమీటరు కాదు. కణం లోపలి ద్రవం బయటి నీటితో కలిసిపోకుండా చూడటం, కావలసిన పదార్థాన్ని కావలసినంత మేరకే రానివ్వడం, తన రెండు వైపుల మధ్య విద్యుత్ విభవాంతరాన్ని నిలబెట్టడం, బయటి నుంచి వచ్చిన రసాయన సంకేతాన్ని లోపలికి అందించడం దీని ముఖ్యమైన పనులు. పాఠ్యపుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. బతికున్న కణంలో మాత్రం వీటిని విడదీయలేం. ఉప్పు కదిలితే విద్యుత్తు మారుతుంది, విద్యుత్తు మారితే సంకేతం పుడుతుంది, సంకేతం అందితే మళ్లీ ఉప్పు రాకపోకలే మారతాయి.

ఈ చక్రమంతా ఒకేచోట కనిపించేది చేప మొప్పలో. అక్కడ రక్తానికీ చెరువు నీటికీ మధ్య ఉండేది కొద్ది మైక్రోమీటర్ల కణజాలమే. కణత్వచాల గురించి తెలుసుకోవడానికి కైకలూరు ప్రాంతాన్ని మించిన ఉదాహరణ తెలుగు నేల మీద దొరకదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మంచినీళ్లు తెస్తాయి. సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎండాకాలం వరద తగ్గాక అదే దారిన సముద్రపు పోటు వెనక్కి ఎక్కి ఉప్పు తెస్తుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు చుట్టూ కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాల్లో కనుచూపు మేర చెరువులే. మంచినీటి శీలావతి, బొచ్చె ఒక చెరువులో ఉంటే, పక్క చెరువులో ఉప్పు తగ్గించిన నీటికి అలవాటు చేసిన వనామీ రొయ్య, మరోచోట రెండు నీళ్లకూ తట్టుకునే పండుగప్ప. వీటన్నిటిలో కణం లోపలి ద్రవం దాదాపు ఒకేలా ఉండాలి. బయటి నీరు మాత్రం చెరువుకొక తీరు. ఆ తేడాను మోసేది కణత్వచం.

పొర కట్టుబడి

త్వచంలోని ప్రధాన పదార్థం ఫాస్ఫోలిపిడ్. ఈ అణువుకు నీటితో కలిసే తల ఒకటి, నీటికి దూరంగా జరిగే కొవ్వు తోకలు రెండు ఉంటాయి. నీళ్లలో ఇవి తోకలను లోపలికి దాచుకుని, తలలను బయటికి పెట్టి, రెండు వరుసలుగా వాటంతట అవే సర్దుకుంటాయి. తోకల మధ్య చిక్కుకుంటే నీటి అణువులు తమలో తాము స్వేచ్ఛగా బంధాలు కలుపుకోలేవు. అందుకే అవి తోకలను ఒకచోటికి నెట్టేస్తాయి. ఈ పొరను అతికించే బలం కొవ్వులో కంటే నీటిలోనే ఎక్కువగా ఉంది.

రెండు వరుసల సంగతి 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఎవర్ట్ గోర్టర్, ఫ్రాంస్వా గ్రెండెల్ తేల్చారు. ఎర్ర రక్తకణాల కొవ్వును వేరుచేసి నీటి మీద ఒక్క అణువు మందంగా పరిస్తే, అది కణాల ఉపరితలానికి రెండింతల మేర పరుచుకుంది. వాళ్ల కొలతల్లో రెండు లోపాలున్నాయి: కొవ్వు పూర్తిగా ఊడిరాలేదు, కణాల ఉపరితలాన్ని తక్కువగా అంచనా వేశారు. ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో జవాబు సరిగ్గా వచ్చింది. అదే ఏడాది హ్యూగో ఫ్రికే రక్తకణాల విద్యుత్ ధారణను కొలిచి, పొర మందాన్ని 3.3 నానోమీటర్లుగా లెక్కగట్టాడు. అప్పటి సూక్ష్మదర్శినితో చూడలేని పొర మందాన్ని విద్యుత్తుతో కొలవడం జీవభౌతిక శాస్త్రపు గొప్ప పనుల్లో ఒకటి.

అదే 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు కలిసి జీవద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కైకలూరులో రైలెక్కితే ఆకివీడు, ఉండి దాటాక వచ్చే ఊరు అది. ప్రతి ఫాస్ఫోలిపిడ్ తలలోనూ ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి, ఒక నమూనాలో త్వచపు కొవ్వు ఎంతుందో తెలియాలంటే ఫాస్ఫరస్ కొలిస్తే చాలు. 1959లో బార్ట్‌లెట్ సవరించిన రూపంలో ఈ పద్ధతి త్వచాల మీద పనిచేసే ప్రయోగశాలల్లో స్థిరపడిపోయింది. సుబ్బారావు పేరు చెప్పగానే మందులే గుర్తుకు తెచ్చుకునే మనం, ఈ కొలతను కూడా గుర్తుంచుకోవాలి.

ఈ పొర గట్టి పలక కాదు. 1970లో ఫ్రై, ఎడిడిన్ మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపేసి చూస్తే, రెండింటి ఉపరితల ప్రోటీన్లూ సుమారు 40 నిమిషాల్లో కలగలిసిపోయాయి. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ నమూనాకు ఇది బలమైన ఆధారం. కొవ్వు అణువులు తమ వరుసలో చకచకా చోటు మారుతూ ఉంటాయి. పై వరుస నుంచి కింది వరుసకు దొర్లడం మాత్రం వాటికి గంటలు పట్టే పని. అది త్వరగా జరగాలంటే ప్రత్యేక ప్రోటీన్లు కావాలి.

పొర ఎంత సులువుగా కదులుతుందన్నది తోకల తీరును బట్టి ఉంటుంది. నిటారు తోకలున్న సంతృప్త కొవ్వు నెయ్యిలా పేరుకుంటుంది, వంపు తిరిగిన అసంతృప్త తోకలున్నది చేపనూనెలా చలిలోనూ జారుతుంది. చేప శరీర ఉష్ణోగ్రత నీటితోపాటే మారుతుంది కాబట్టి, నీరు చల్లబడితే అది కొద్ది రోజుల్లో తన త్వచాల్లో అసంతృప్త తోకల పాలు పెంచుకుంటుంది. ఒక్క రాత్రిలో నీరు చల్లబడితే ఆ వ్యవధి దొరకదు.

ఏది దూరుతుంది, ఏది దూరదు

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి ఆవేశం లేని చిన్న అణువులకు ఈ పొర అడ్డే కాదు. సోడియం, పొటాషియం, క్లోరైడ్ అయాన్లకు మాత్రం దాటరాని అడ్డు. నీటిలో అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టి కుదుటపరుస్తాయి. నీటి పరావైద్యుత స్థిరాంకం 80 దాకా ఉంటే, కొవ్వు మధ్యభాగానిది 2 మాత్రమే. ఆ తొడుగు విడిచి కొవ్వులోకి అడుగుపెట్టడానికి కావలసిన శక్తి ఉష్ణ కదలికలతో రాదు.

అమోనియా విషయంలో ఈ తేడా చెరువు రైతుకు నేరుగా తగులుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఆవేశం ఉన్న అమ్మోనియం త్వచాన్ని సులువుగా దాటలేదు, ఆవేశం లేని అమోనియా దాటుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర త్వచం దాటే ఆ విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే సగానికి దగ్గరవుతుంది. నాచు బాగా పట్టిన చెరువులో మధ్యాహ్నం కిరణజన్య సంయోగక్రియ వల్ల పీహెచ్ పెరుగుతుంది. పొద్దున ల్యాబ్‌లో భయం లేదన్న అమోనియా అంకె, సాయంత్రం 4 గంటలకు అదే చెరువులో ప్రమాదం కావచ్చు. మొత్తం అమోనియా పెరగలేదు, దానిలో త్వచం దాటగలిగే పాలు పెరిగింది.

పంపు, పొటాష్

అయాన్లు దాటాలంటే ప్రోటీన్ల సాయం కావాలి. వాటిలో అతి ముఖ్యమైనది సోడియం–పొటాషియం పంపు. కణానికి శక్తినందించే ఏటీపీ అణువు ఒక్కొక్కదాన్ని ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి ఖర్చుచేసే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ పంపుకే పోతుంది. ఈ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వారిలో సుబ్బారావు ఒకరు. ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో ఆయన, జర్మనీలో కార్ల్ లోమాన్ విడివిడిగా ఆ పని చేశారు. పంపును కనిపెట్టింది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో యెన్స్ స్కౌ. 1957లో పీత కాళ్ల నరాల త్వచాన్ని తీసుకుని, సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడు ఏటీపీ విచ్ఛిత్తి ఎలా పెరుగుతుందో చూపాడు. 1997లో ఆయనకు రసాయన నోబెల్‌లో భాగం దక్కింది.

పీతకు దగ్గరి చుట్టమే రొయ్య. 2009లో దేశంలో అనుమతి వచ్చిన వనామీ నిజానికి సముద్ర జీవి. దాని మొప్పల్లోని పంపు సముద్రపు నీటి నిష్పత్తికి అలవాటుపడింది, అంటే బరువులో సుమారు 28 పాళ్ల సోడియానికి ఒక పాలు పొటాషియం. లోతట్టు చెరువులో బోరు నీటితో ఉప్పదనం లీటరుకు 5 గ్రాములు వచ్చిందంటే సోడియం, క్లోరైడ్ ఉన్నట్టే గాని, పొటాషియం ఉన్నట్టు కాదు. డెల్టా బంకమట్టి పొటాషియంను పట్టేసుకుంటుంది. అదే ఉప్పదనానికి పలచబరిచిన సముద్రపు నీటిలో లీటరుకు 55 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అంతకు బాగా తక్కువైతే పంపు సరిగ్గా తిరగదు, రొయ్య ఉప్పును పట్టి ఉంచుకోలేదు, కుబుసం విడిచిన రాత్రి చనిపోతుంది. రైతులు మినరల్స్ పేరుతో చల్లే పొటాష్ పని ఇదే. ఉప్పదనం మీటరు చూపే ఒక్క అంకె చూసి పిల్లను వదలడం పొరపాటు. సోడియం, పొటాషియం విడివిడిగా కొలిపించాలి.

నైట్రైట్, ఉప్పు

త్వచాన్ని దాటించే ప్రోటీన్‌ను మోసం చేయగల పదార్థాలూ ఉన్నాయి. మంచినీటి చేప రక్తంలోని ఉప్పు నిరంతరం నీళ్లలోకి కారిపోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చడానికి మొప్పలోని ప్రత్యేక కణాలు క్లోరైడ్‌ను లోపలికి లాగి, బదులుగా బైకార్బొనేట్‌ను బయటికి పంపుతాయి. ఈ మారకం చేసే యంత్రాంగం నైట్రైట్‌నూ క్లోరైడ్‌నూ సరిగ్గా వేరుచేయలేదు. మేత మిగిలి కుళ్లిన చెరువులో నైట్రైట్ పెరిగితే మొప్ప దాన్నీ అదే దారిన లాక్కుంటుంది. రక్తంలో దాని గాఢత నీటిలో కంటే ఎన్నో రెట్లకు చేరుతుంది. అక్కడ హీమోగ్లోబిన్‌లోని ఇనుమును ఆక్సీకరించి, ఆక్సిజన్ మోయలేని మెథీమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది.

ఏరేటర్లు తిరుగుతున్నా, మీటరులో ఆక్సిజన్ సరిపడా ఉన్నా, శీలావతి పైకి తేలి నోరు తెరుస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. చేపను పట్టి మొప్ప డిప్ప ఎత్తితే ఎర్రగా ఉండాల్సిన రేకులు చాకొలెట్ రంగులో కనిపిస్తాయి. విరుగుడు ఉప్పు. నీటిలో క్లోరైడ్ ఎక్కువైతే ఆ దారిలో పోటీ పెరిగి నైట్రైట్‌కు చోటు తగ్గుతుంది. నైట్రైట్ రూపంలోని నైట్రోజన్‌కు కనీసం 10 రెట్ల క్లోరైడ్ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎకరా చెరువులో 5 అడుగుల నీళ్లుంటే సుమారు 6,170 ఘనపు మీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము నైట్రైట్ నైట్రోజన్ ఉంటే 10 మిల్లీగ్రాముల క్లోరైడ్ కావాలి, అంటే మొత్తం 62 కిలోలు. ఉప్పులో క్లోరైడ్ 100కు 61 పాళ్లు కాబట్టి 100 కిలోల ఉప్పు, రెండు బస్తాలు. ఉప్పుటేరు పోటు తగిలే చెరువుల్లో క్లోరైడ్ ముందే ఉంటుంది గనుక అంత అవసరం పడకపోవచ్చు. ఉప్పు నైట్రైట్‌ను తీసేయదు. మొప్ప దగ్గర దాని దారిని ఇరుకు చేస్తుంది, అంతే. అసలు కారణం చెరువు అడుగునే ఉంటుంది.

విద్యుత్ విభవం

పంపు పనివల్ల కణం లోపల పొటాషియం, బయట సోడియం పోగవుతాయి. త్వచంలో పొటాషియానికి మాత్రమే దారిచ్చే ఛానళ్లు తెరిచి ఉంటే, అది గాఢత తక్కువున్న బయటికి జారుతూ లోపల రుణావేశాన్ని వదిలిపోతుంది. ఆ రుణావేశం దాన్ని వెనక్కి లాగుతుంది. రెండు బలాలూ సరితూగిన చోటును వాల్టర్ నెర్న్‌స్ట్ సమీకరణం చెబుతుంది. లోపల 140, బయట 5 మిల్లీమోలార్ల పొటాషియం ఉంటే 30 డిగ్రీల దగ్గర సుమారు మైనస్ 87 మిల్లీవోల్టులు వస్తాయి. ఇతర అయాన్ల లీకేజీ వల్ల నరకణాల్లో ఇది మైనస్ 70 దగ్గర నిలుస్తుంది.

వినడానికి చిన్న అంకె. కానీ 70 మిల్లీవోల్టులు 5 నానోమీటర్ల మందంలో పడుతున్నాయంటే మీటరుకు కోటీ 40 లక్షల వోల్టుల క్షేత్రం. మామూలు గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి 30 లక్షలు చాలు. ఇంత బలమైన క్షేత్రంలో ఉన్న ప్రోటీన్ ఆకారం విభవం కాస్త మారినా కదిలిపోతుంది. నరాల్లో ఛానళ్లు తెరుచుకోవడానికి ఆధారం ఇదే. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నరం మీద ఆ ప్రవాహాలను సమీకరణాలుగా రాశారు. 1976లో నేహర్, సక్మాన్ ఒక్క ఛానల్ నుంచి పారే విద్యుత్తునే కొలిచారు. 1998లో మెకినన్ బృందం ఒక పొటాషియం ఛానల్ నిర్మాణాన్ని వెలికితీసింది. సెకనుకు 10 కోట్ల దాకా పొటాషియం అయాన్లను పంపుతూనే, అంతకంటే చిన్నదైన సోడియాన్ని ఆపగలగడం దాని విశేషం. పొటాషియం తన నీటి తొడుగు విడిచినప్పుడు సరిగ్గా ఆ కొలతలో ప్రోటీన్ ఆక్సిజన్ పరమాణువులు దాన్ని అందుకుంటాయి. సోడియానికి ఆ కొలత వదులు.

సంకేత ప్రసారం

పట్టుబడి రోజు వలలో పడ్డ చేప రక్తంలోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. అడ్రినలిన్ కణంలోకి వెళ్లదు. త్వచాన్ని ఏడుసార్లు అటూ ఇటూ గుచ్చుకుని ఉండే గ్రాహక ప్రోటీన్‌ను బయటి వైపు పట్టుకుంటుంది. గ్రాహకం ఆకారం లోపలి వైపు మారుతుంది, అక్కడ త్వచానికి అంటి ఉన్న జి ప్రోటీన్ మేలుకుంటుంది, అది పక్కనే ఉన్న ఎంజైమును కదిలిస్తుంది, ఆ ఎంజైము ఏటీపీని వలయాకార ఏఎంపీగా మారుస్తుంది. ఒక్కో మెట్టులో ఒకటి పదులు, పదులు వందలు అవుతాయి. ఎర్ల్ సదర్లాండ్ 1950లలో కనుగొన్న ఈ వలయాకార ఏఎంపీ రెండో దూతగా పేరుపొంది, ఆయనకు 1971 నోబెల్ తెచ్చింది. శక్తికి నాణెంగా మనం నేర్చుకున్న ఏటీపీ ఇక్కడ సంకేతానికి ముడిసరుకు. జి ప్రోటీన్లకు 1994లో, ఈ కోవ గ్రాహకాలకు 2012లో నోబెల్ బహుమతులు వచ్చాయి. మనిషిలో ఇలాంటి గ్రాహకాలు సుమారు 800 రకాలు.

ఆ సంకేతం చేరాక చేప మొప్పల్లో రక్త ప్రసారం పెరుగుతుంది. ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, దానితోపాటే ఒంట్లోని ఉప్పు నీళ్లలోకి ఎక్కువగా పోతుంది. చేప పిల్లను డ్రమ్ముల్లో తరలించేటప్పుడు నీళ్లలో లీటరుకు 3 నుంచి 5 గ్రాముల ఉప్పు వేయడానికి కారణం అదే. బయటి ఉప్పు పెరిగితే రక్తంతో తేడా తగ్గి నష్టం తగ్గుతుంది.

త్వచంలోని కొవ్వు కూడా సంకేతంగా మారగలదు. లోపలి వరుసలో కొద్దిపాటి ఫాస్ఫో ఇనోసిటైడ్ ఉంటుంది. కొన్ని గ్రాహకాల ఆజ్ఞతో దాన్ని ఒక ఎంజైము రెండు ముక్కలు చేస్తే, తల భాగం కణద్రవంలోకి జారి నిలవ ఉన్న కాల్షియంను విడిపిస్తుంది. తోక భాగం త్వచంలోనే ఉండి మరో ఎంజైమును పిలుస్తుంది. కణంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం బయటి దానిలో 10 వేల వంతు మాత్రమే. కాబట్టి కొద్దిగా దూరినా కణానికి అది పెద్ద వార్త.

అన్ని హార్మోన్లకూ ఈ ఏర్పాటు అక్కర్లేదు. రొయ్య కుబుసం విడిచేలా చేసే ఎక్డైసోన్ స్టెరాయిడ్ కాబట్టి కొవ్వు పొరను దాటి నేరుగా జన్యువుల దగ్గరికి పోతుంది. దాన్ని అదుపులో పెట్టే హార్మోన్ మాత్రం కంటి కాడలో తయారయ్యే పెప్టైడ్. అది త్వచం మీదే ఆగి, రెండో దూతల ద్వారా ఎక్డైసోన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది. హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తీసేది ఇదే కుటుంబానికి చెందిన, గుడ్ల ఎదుగుదలను ఆపే హార్మోన్‌ను తగ్గించడానికి.

పండుగప్ప దారి

పండుగప్ప ఎదిగేది ఏటి మంచినీటిలో, గుడ్లు పెట్టేది సముద్రంలో. మంచినీటిలో దాని మొప్ప ఉప్పును లోపలికి లాగాలి, మూత్రపిండం నీటిని బయటికి పంపాలి. సముద్రంలో అది నీరు తాగుతుంది, మొప్ప ఉప్పును బయటికి తోయాలి. అదే పంపు రెండు చోట్లా రక్తం వైపు త్వచంలోనే ఉంటుంది. మారేది నీటి వైపు త్వచంలోని సరంజామా. సముద్రపు నీటిలో అక్కడ సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ఛానల్ వచ్చి చేరుతుంది. మనుషుల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు కారణమయ్యేది ఈ ప్రోటీన్ లోపమే.

ఈ మార్పును సాగించే సంకేతాల్లో ప్రొలాక్టిన్ మంచినీటికి, కార్టిసాల్ ఉప్పునీటికి పనిచేస్తాయి. ఉప్పు తగ్గిందని ప్రొలాక్టిన్‌ను విడుదల చేసే కణానికి తెలిసే తీరు తిలాపియాలో బాగా పరిశీలించారు. రక్తం పలచబడితే నీరు దూరి ఆ కణం ఉబ్బుతుంది, త్వచం సాగుతుంది, సాగిన త్వచంలో ఛానల్ తెరుచుకుని కాల్షియం వస్తుంది, హార్మోన్ విడుదలవుతుంది. ఇక్కడ త్వచపు బిగువే సంకేతం. ఈ ఏర్పాటంతా మారడానికి రోజులు పడుతుంది. పిల్లను తెచ్చిన నీటి నుంచి చెరువు నీటికి మెల్లమెల్లగా అలవాటు చేయడంలో ఒక గంట ఆదా చేయాలనుకునేవారు దీన్ని గమనించాలి.

కొలెస్టరాల్, గ్రాహకం

జంతుకణాల త్వచంలో ఫాస్ఫోలిపిడ్ల నడుమ ఇమిడి ఉండే కొలెస్టరాల్ పొర బిగువును సర్దుతుంది. అంతకు మించిన పనిని చూపిన వాటిలో ముఖ్యమైన పరిశోధన హైదరాబాద్‌లో జరిగింది. 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో మొదలైన అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీలో రామకృష్ణన్ నాగరాజ్ బృందం బాక్టీరియా త్వచాలను చీల్చే పెప్టైడ్ల మీద పనిచేస్తే, అమితాభ ఛటోపాధ్యాయ బృందం సెరటోనిన్ 1ఏ గ్రాహకాన్ని ఎంచుకుంది. పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ నుంచి త్వచాలను తీసి, వాటిలోని కొలెస్టరాల్‌ను సైక్లోడెక్స్‌ట్రిన్‌తో లాగేస్తే గ్రాహకం తన అణువును పట్టుకోవడం తగ్గింది. కొలెస్టరాల్ తిరిగి చేరిస్తే ఆ శక్తి తిరిగి వచ్చింది. 2004లో ఛటోపాధ్యాయ, థామస్ పుకడియిల్ ప్రచురించిన ఈ ఫలితం, గ్రాహకాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు నుంచి విడదీసి అర్థం చేసుకోలేమని చెప్పింది. 2021లో వెలువడిన ఆ గ్రాహకపు నిర్మాణంలో, అణువు కూర్చునే చోటుకు దగ్గరలోనే కొలెస్టరాల్ కనిపించింది.

చేప తనకు కావలసిన కొలెస్టరాల్ తయారుచేసుకోగలదు. రొయ్య చేసుకోలేదు. దాని త్వచాలకూ, కుబుసం హార్మోనుకూ కావలసినదంతా మేత నుంచే రావాలి. చేపపొడి, రొయ్య తలల పొడి ఎక్కువగా ఉన్న మేతల్లో అది దానంతట అదే దొరికేది. చేపపొడి ప్రియమై సోయా చెక్క పాలు పెరిగే కొద్దీ ఆ వనరు తగ్గుతుంది. సోయాలోని మొక్కల స్టెరాల్స్ ఆ లోటును కొంతవరకే తీరుస్తాయి. మేత సంచి మీద ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు ఉంటాయి. రొయ్య మేతకు వాటి పక్కనే కొలెస్టరాల్ శాతం కూడా ఉండాలి.